యంత్రమునకిచ్చు పనిముట్లు – వాని వర్ణన, పరీక్ష

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థి తీగ మందమును కొలిచి "0.46 మి.మీ." అని మాత్రమే వ్రాసి తెచ్చినచో, ఉపాధ్యాయుడు రికార్డు పుస్తకమును తిరిగి ఇచ్చివేయును. ఏ స్క్రూగేజితో కొలిచితివి, దాని కనీసపు కొలత ఎంత, శూన్యాంశ దోషము చూచితివా అని అడుగును. కృత్రిమ మేధ విషయమున ఇట్టి ప్రశ్నలడుగు అలవాటు ఇంకను కుదురుకొనలేదు. ఫలానా యంత్రము నూటికి ఇన్ని సమస్యలను పరిష్కరించినదను ప్రకటనలు తరచు వెలువడుచున్నవి. దాని చేతికి ఏ పనిముట్లిచ్చిరో, వానిని గూర్చి దానికేమి చెప్పిరో ఆ ప్రకటనలలో కనుపించుట అరుదు.

భాషా నమూనాకు స్వయముగా చేతులు లేవు. అది మాటలు మాత్రమే వ్రాయగలదు. "ఈ ఫైలు తెరువుము", "ఈ పదమును వెదకుము" అని అది ఒక నియమిత రూపమున వ్రాసినపుడు, వేరొక ప్రోగ్రాము ఆ పని చేసి ఫలితమును దానికందించును. ఇట్లు పనిముట్లను వాడుచు, ఫలితమును చూచి తరువాతి అడుగును తానే నిర్ణయించుకొను ఏర్పాటునకే ఏజెంటు అని పేరు. ప్రతి పనిముట్టునకు ఒక పేరు, అది చేయు పనిని తెలుపు కొన్ని వాక్యములు, దానికందింపవలసిన వివరముల పట్టిక యుండును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఈ మూడింటికిని ఒక సామాన్య రూపము నేర్పరచినది. నమూనా పనిముట్టు లోపలి యంత్రాంగమును చూడదు. దాని వర్ణనను చదువును. వర్ణన తప్పైనచో, నమూనాకు సంబంధించినంతవరకు పనిముట్టే తప్పు.

ఈ విషయమున చదువదగిన పరిశోధన 2024లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము నుండి వచ్చినది. జాన్ యాంగ్, కార్లోస్ హిమెనెజ్ మొదలగువారు రచించిన ఆ పత్రము పేరు "స్వీ-ఏజెంట్". వారు జి.పి.టి.-4 టర్బో అను నమూనాను మార్చక, దానికిచ్చు పనిముట్లను మాత్రము మార్చి చూచిరి. పని యేమనగా, 12 పైథాన్ ప్రోగ్రాము సంపుటములలో వాడుకరులు నిజముగా ఎత్తిచూపిన లోపములను సరిచేయుట. మొత్తము 2,294 సమస్యలలో నుండి ఏరిన 300 సమస్యల మీద ఈ పోలికలు జరిగినవి. లినక్సు సామాన్య ఆజ్ఞలు మాత్రమే ఇచ్చినపుడు నూటికి 11 పరిష్కారమైనవి. ప్రత్యేకముగా రూపొందించిన పనిముట్లిచ్చినపుడు 18 అయినవి. నమూనా అదే, సమస్యలవే!

వివరములలోనికి పోయినచో ఇంకను వింతగా నుండును. ఫైలును ఒక్కసారికి 100 పంక్తుల చొప్పున చూపినపుడు ఫలితము నూటికి 18. 30 పంక్తులే చూపిన 14.3. పోనీ ఫైలంతయు ఒక్కసారిగా ముందుంచిన 12.7 మాత్రమే. అన్నియు చూపుట మేలని తోచును గాని, పుస్తకమంతయు తెరచియుంచిన పిల్లవానికి కావలసిన పేరా దొరకనట్లే ఇదియును. వెదకు పనిముట్టు సంగతి మరియు గమనింపదగినది. దొరికినవానిని ఒక్కొక్కటిగా చూపుచు "తరువాతిది" అని అడిగించు పనిముట్టు నిచ్చినపుడు ఫలితము 12. అసలు వెదకు పనిముట్టే ఇయ్యనపుడు 15.7! ఏజెంటు వరుసగా ప్రతిదానిని చూచుచు తన వ్యయ పరిమితిని హరించుకొనుటయే ఇందుకు కారణమని రచయితలు చెప్పిరి. మనుష్యునికి అలవాటైన పనిముట్టు యంత్రమునకును మంచిదగునను నమ్మకము ఇచ్చట బీటవారినది.

పత్రమునందు లోపములు లేకపోలేదు. దిద్దుబాటులో వ్యాకరణ దోషమున్న తిరస్కరించు ఏర్పాటు వలన ఫలితము 15 నుండి 18కి పెరిగినదని చూపిరి. 300లో అది 45, 54ల భేదము. తొమ్మిది సమస్యల తేడాను బట్టి గట్టి సిద్ధాంతము చేయుట తొందరపాటగును. వేరే 300 సమస్యలను తీసికొనిన అది తగ్గిపోవచ్చును. అంతకంటె ముఖ్యమైన కొరత వేరొకటి. ప్రధాన పట్టికలో పనిముట్ల రూపమును మార్చి చూచిరి గాని, పనిముట్టును అట్లే యుంచి దాని వర్ణనలోని మాటలను మాత్రము మార్చి చూచిన వరుస లేదు.

పనిముట్టు కోరు వివరములో చిన్న మార్పు చేసిన ఎంత భేదము వచ్చునో 2024 డిసెంబరులో ఆంత్రోపిక్ ఇంజనీర్లు ఒక వ్యాసమున చెప్పిరి. వారి ఏజెంటు ఒక ఫోల్డరు నుండి వేరొక ఫోల్డరునకు మారిన తరువాత ఫైళ్ల చిరునామాలను తప్పుగా ఇచ్చుచుండెను. "ఎదురింటి పక్కిల్లు" అను గుర్తు నిలుచున్న చోటును బట్టి మారునుగదా! ఎల్లప్పుడు పూర్తి చిరునామానే ఇయ్యవలెనని పనిముట్టును సవరించిన పిదప ఆ తప్పులు పోయినవట. సవరణ చక్కనిదే. కాని ఎన్ని ప్రయత్నములలో ఎన్ని తప్పులు తగ్గెనో అంకెలు లేవు. ఇంజనీరు అనుభవముగా దానికి విలువ గలదు. ప్రయోగ ఫలితముగా లెక్కకు రాదు.

ఒక్కసారి చేయగలుగుటకును, ప్రతిసారి చేయగలుగుటకును గల భేదము మరియొకటి. 2024లో సియెర్రా సంస్థవారు ప్రకటించిన "టౌ-బెంచ్" పరీక్షలో ఏజెంటు అంగడి ఖాతాదారులతో మాటలాడి, పనిముట్లతో సరకుల మార్పిడులు జరుపవలెను. అది ఎంత తీయగా మాటలాడినదో చూడక, చివరకు ఖాతాలో ఏమి మారినదో చూచి మార్కులు వేయుదురు. ఒకే పనిని 8 మార్లు ఇచ్చి, ఎనిమిదింటను నెగ్గినవానిని మాత్రమే లెక్కించినపుడు, అప్పటి మేటి నమూనాలలో నొకటియైన జి.పి.టి.-4ఓ అంగడి విభాగమున నూటికి 25 కూడ దాటలేదు. ఇట్టి లెక్క ప్రకటనలకెక్కదు.

పనిముట్టు వర్ణనకు పరీక్ష ఎట్లుండునో తరగతిలోనే చూడవచ్చును. బ్యూరెట్టు వాడుటను గూర్చి ఒక విద్యార్థిచే ఐదు వాక్యములు వ్రాయించి, దానిని ఎన్నడును చూడని వానికిచ్చి, ఆ ఐదు వాక్యములతోనే రీడింగు తీయుమనవలెను. వేరెవ్వరును నోరు మెదపరాదు. ద్రవపు నెలవంక అడుగు అంచును చూడవలెనను మాట ఆ ఐదింటిలో నున్నదో లేదో అప్పుడే తెలిసిపోవును.