హాయిల్ మట్టిగోడలు, మన చిమ్నీలు: పాడుబడిన కట్టడాల ఛాయాచిత్రాలపై ఒక విమర్శ

పాడుబడిన కట్టడాలను వెదకి పట్టుకుని వాటి ఛాయాచిత్రాలు తీయడం ఈనాడు లోకమంతటా ఒక కళగా చెలామణి అవుతున్నది. మూతపడిన మిల్లులు, ఖాళీ అయిన ఊళ్ళు, కప్పు కూలిన మేడలు, ఇవే దీనికి వస్తువులు. ఉపగ్రహ పటాల మీద వెదకి, ఎండ వాలే వేళ చూసుకుని, మనిషి అలికిడి లేని క్షణంలో మీట నొక్కుతారు. ఈ చిత్రాలు చాలామందికి నచ్చుతవి. నాకూ కొన్ని నచ్చినవి. అయితే నచ్చడం వేరు, చదవడం వేరు. పద్యాన్ని ప్రతిపదార్థం చెప్పుకుని చదివినట్లు చిత్రాన్ని కూడా చదవాలని నా అభిప్రాయం. అందుకు సౌదీ అరేబియా ఉత్తరభాగాన ఉన్న హాయిల్ పట్టణాన్ని తీసుకుంటున్నాను. ఎందుకంటే అక్కడి పాత చిత్రాలూ కొత్త చిత్రాలూ రెండూ మనకు అందుబాటులో ఉన్నవి, రెండింటికీ మధ్య నూరేళ్ళ పైబడిన ఎడం ఉన్నది.

హాయిల్ పందొమ్మిదో శతాబ్దిలో రషీదు వంశపు ఎమీర్ల రాజధాని. నఫూద్ ఇసుక ఎడారికి దక్షిణాన, అజా కొండల పక్కన ఉంటుంది. ఎమీర్లు బర్జాన్ అనే పెద్ద మట్టికోటలో ఉండేవారు. 1914 ఫిబ్రవరి 25న గెర్ట్రూడ్ బెల్ అనే ఆంగ్ల వనిత డమాస్కస్ నుండి ఒంటెల మీద ప్రయాణించి ఈ ఊరు చేరింది. ఎమీరు ఊళ్ళో లేడు, దండయాత్రకు వెళ్ళినాడు. ఆమెకు ఒక ఇల్లు చూపించి మర్యాద చేసినారు గాని బయటికి పోనివ్వలేదు. అతిథా, బందీయా అన్నది ఆమెకే తెలియని స్థితిలో దాదాపు పదిరోజులు గడిచినవి. చివరకు ఉన్నట్టుండి అనుమతి వచ్చింది. ఊరు తిరగవచ్చు, చిత్రాలు తీసుకోవచ్చు. మార్చి 7న ఆమె వెళ్ళిపోయింది. ఆ చిత్రాలు ఇప్పుడు ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నవి. ఆమె కాగితాలూ చిత్రాలూ కలిపి 2017లో యునెస్కో వారి ప్రపంచ స్మృతి పట్టికలో చేరినవి.

ఆ చిత్రాలు తీరికగా తీసినవి కావని గుర్తుంచుకోవాలి. తొందర ఉన్నది, భయం ఉన్నది, రేపు ఈ అనుమతి ఉంటుందో లేదో అన్న అనుమానం ఉన్నది. అయినా ఈనాటి శిథిల చిత్రాలలో లేనిది ఒకటి వాటిలో ఉన్నది. అవి వాడుకలో ఉన్న గోడలు. వాటిలో మనుషులూ ఉన్నారు. తుర్కియా అనే స్త్రీ చిత్రం కూడా వాటిలో ఉన్నది. ఆమె చెర్కెస్సు జాతి వనిత. ఎక్కడో కాకసస్ ప్రాంతపు బిడ్డ ఇస్తాంబూలు సుల్తాను చేతిలో పడి, అక్కడినుండి హాయిల్ ఎమీరుకు కానుకగా పంపబడింది. అడిగి వెళ్ళినది కాదు. అలాంటి స్త్రీకి పేరున్నది, ముఖమున్నది, మాటున్నది. బెల్ తన దినచర్యలో ఆమెను గురించి వ్రాసుకున్నది కాబట్టి మనకు తెలిసింది. సామ్రాజ్యపు పని మీద తిరిగిన మనిషిగా బెల్ మీద నాకు వేరే అభిప్రాయాలున్నవి, వాటిని ఇక్కడ విప్పను. కాని గోడనూ గోడ లోపలి మనిషినీ కలిపి చూసినందుకు ఆమెకు దక్కవలసిన మెప్పు దక్కాలి.

1921లో ఇబ్న్ సౌద్ హాయిల్‌ను జయించినాడు. ఆ తరువాత బర్జాన్‌ను పడగొట్టించినారు. ఇప్పుడు ఆ పేరు మీద అక్కడ ఒక బజారు ఉన్నది. మూడువందల గదులా, నాలుగువందలా అని తర్కించుకునేందుకు కోట లేదు. బెల్ చిత్రాలూ, ఆమెకు ముందు 1879లో వచ్చిన ఆన్ బ్లంట్ వంటి యాత్రికుల వ్రాతలూ మాత్రం ఉన్నవి.

ఇక కొత్త చిత్రాలు. సౌదీ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో విహారయాత్రికులకు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుండి ఇవి కుప్పలు తెప్పలుగా వస్తున్నవి. కొండమీది ఆరిఫ్ కోట, 1940లలో సైనికుల కోసం కట్టిన కిష్లా, ఊరి వెలుపలి ఖాళీ మట్టిళ్ళు, ఆగ్నేయాన ఫైద్ అనే చోట పాత యాత్రామార్గపు శిథిలాలు వీటిలో కనబడతవి. కూఫా నుండి మక్కాకు పోయే ఆ మార్గాన్ని జుబైదా రాణి పేరుతో పిలుస్తారు. చిత్రాల కింద సాధారణంగా వ్రాసేది ఒక్కటే, ఇక్కడ కాలం నిలిచిపోయింది అని.

ఈ మాట మట్టి సంగతి ఎరిగినవారు అనరు. ఎండలో ఆరబెట్టిన ఇటుక, గడ్డి కలిపిన మట్టిపూత, తమరిస్కు చెట్టు దూలాలు, పైన ఈత మట్టలు, మళ్ళీ మట్టి, ఇదీ అక్కడి ఇల్లు. వాన తక్కువే గాని పడ్డప్పుడు గట్టిగా పడుతుంది. వానాకాలం దాటినప్పుడల్లా పూత సరిచేయాలి, కప్పు మీది నీళ్ళ గొట్టం పూడుకోకుండా చూడాలి. మనిషి ఇల్లు వదిలితే ముందు కప్పు కారుతుంది, తరువాత దూలం కుళ్ళుతుంది, ఆ తరువాత గోడ తలమీద నుండి కరుగుతూ వస్తుంది. కాబట్టి చిత్రంలో గోడ అంచు పదునుగా ఉన్నదంటే ఈమధ్య ఎవరో పూత పూసినారని అర్థం. ఆరిఫ్ కోట, కిష్లా చిత్రాలు అందుకే నున్నగా ఉన్నవి, అవి మరమ్మతు చేసిన కట్టడాలు. వాటిని పాడుబడిన వాటి వరుసలో చేర్చడం ఛాయాగ్రాహకుల అజాగ్రత్త. అంచులు కరిగి గుండ్రబడిన గోడలు మాత్రమే నిజంగా వదిలివేయబడినవి.

వదిలింది ఎవరు, ఎప్పుడు? చమురు డబ్బు వచ్చిన తరువాత 1974లో ప్రభుత్వం ఇళ్ళ నిర్మాణానికి ఒక నిధి ఏర్పరచి వడ్డీలేని అప్పులిచ్చింది. జనం సిమెంటు ఇళ్ళకు తరలిపోయినారు. ఇది శోకించవలసిన విషయం కాదు. కప్పు కారని ఇంట్లోకి పోవడం ఎవరికైనా సంతోషమే. మా పెద్దమ్మకు నేను ఈ చిత్రాలు చూపించినప్పుడు ఆమె అన్నది, "గోడ బాగుందిరా అబ్బాయీ, అలుకు పెట్టేదెవరు?" అని. ఈ చిత్రాల మీద నేను చదివిన విమర్శలన్నిటిలో ఇది చిన్నది, మంచిది.

కాని సొంతదారులు వెళ్ళిపోయిన ఇల్లు వెంటనే ఖాళీ అవుతుందనుకోవడం పొరపాటు. జిద్దా పాతబస్తీలోనూ రియాద్ పాత వాడలలోనూ జరిగినది అందరూ ఎరిగినదే. సంపన్నులు వెళ్ళినారు, తక్కువ అద్దెకు పరదేశపు కూలీలు దిగినారు. 1970ల నుండి కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండి సౌదీకి పోయిన మన తెలుగువారు ఇలాంటి గదులను ఎరుగుదురు. గదికి ఎనిమిది మంది, మధ్యన ఒక పొయ్యి, గోడకు మేకులు, మేకులకు చొక్కాలు. కెమెరా పట్టినవాడు ఆ మనిషి వాకిలి దాటిపోయేవరకు కాచుకుని ఉండి మీట నొక్కితే అది పాడుబడిన ఇల్లు అవుతుంది. నా ప్రధాన ఆక్షేపణ ఇదే. శూన్యం చాలాసార్లు అక్కడ దొరికినది కాదు, చిత్రకారుడు చేసినది.

హాయిల్ చుట్టుపక్కల మరొక రకం శిథిలాలు కూడా ఉన్నవి. 1980లలో భూమి అడుగున ఉన్న పురాతన జలాన్ని తోడి, గుండ్రంగా తిరిగే యంత్రాలతో అక్కడ గోధుమ పండించినారు. ఎడారి దేశం గోధుమలు ఎగుమతి చేసింది. నీరు అడుగంటుతున్నదని 2008లో ప్రభుత్వం కొనుగోలు ఏటేటా తగ్గించడం మొదలుపెట్టి 2016కు ఆపివేసింది. ఉపగ్రహ పటంలో చూస్తే పచ్చని వలయాల మధ్య బూడిదరంగు వలయాలు కనబడతవి. అక్కడ రేకుల షెడ్లుంటవి, కూలీల గదులుంటవి. నేను చూసిన చిత్రాలలో అవి ఒక్కటీ లేవు. కోట కవులకు వస్తువు, రేకుల షెడ్డు ఎవరికీ వస్తువు కాదు. తెలంగాణలో దొరల గడీల చిత్రాలు తీసేవారి ధోరణి కూడా ఇదే. చెక్కడపు దర్వాజా చిత్రంలో ఉంటుంది, వెట్టివాడు నిలబడిన వాకిలి ఉండదు.

ఆ కూలీల వసతిని గల్ఫ్‌లో మనవారు క్యాంపు అంటారు. ఈ మాట వినగానే మారిషస్ పాఠకుల చెవి నిక్కుతుంది. మన తాతముత్తాతలు కొరింగ రేవు నుండీ మద్రాసు నుండీ ఓడలెక్కి వచ్చి దిగిన చెరకు తోటల బారకాసులకూ ఇక్కడ అదే పేరు, క్రియోల్ నోట "కాం". కాంప్ దియాబ్ల్, కాంప్ తోరెల్ అని నేటికీ ఊళ్ళున్నవి. కాని ఆ బారకాసులు ఎక్కడ? పందొమ్మిదో శతాబ్ది మధ్యలో ఈ చిన్న దీవిలో రెండువందలకు పైబడి చక్కెర మిల్లులుండేవి. వాటి నల్లరాతి చిమ్నీలు చెరకు మధ్య ఇంకా నిలిచి ఉన్నవి. గడ్డి, మట్టి, రేకులతో కట్టిన కూలీల ఇళ్ళు పోయినవి. మిగిలినవాటిలో చాలాభాగం 1960లో జనవరిలో అలిక్స్, ఫిబ్రవరిలో కారోల్ తుపానులు ఊడ్చుకుపోయినవి. ఆ తరువాత ప్రభుత్వం సిమెంటు "సితే"లు కట్టింది. రాయి యజమానిది, మట్టి మనది. కాబట్టి నేడు ఛాయాగ్రాహకుడు వచ్చినా అతనికి చిమ్నీయే దొరుకుతుంది. మన క్యాలెండర్ల మీదా, మన సంఘాల సంచికల అట్టల మీదా సాయంకాలపు ఎండలో చిమ్నీ నిలబడి ఉంటుంది. అది అందంగానే ఉంటుంది.

అయితే మనవారి చిత్రాలు లేవా? ఉన్నవి. 1860లలో వలసశాఖవారు కూలీల ముఖాలు చిత్రాలు తీయడం మొదలుపెట్టినారు. 1867 నాటి చట్టం ప్రకారం ఐదేళ్ళ ఒప్పందం ముగిసిన ప్రతివాడూ తన ముఖచిత్రం అంటించిన చీటీ దగ్గర పెట్టుకుని తిరగాలి. ఆ చిత్రానికి సొమ్ము కూడా వాడే ఇచ్చుకోవాలి. చీటీ లేకుండా దొరికితే దేశదిమ్మరి అని పట్టుకునేవారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయంతో 9,401 మంది పాత వలసదారులు పెట్టుకున్న అర్జీలో ఈ బాధ కూడా ఉన్నది. ఆ చిత్రాలలో ముఖం ఉన్నది, ఇల్లు లేదు, చెట్టు లేదు, పక్కన భార్యాబిడ్డలు లేరు. చిమ్నీ చిత్రాలలో కట్టడం ఉన్నది, ముఖం లేదు. ఒకటి పోలీసు కోసం తీసినది, మరొకటి యాత్రికుడి కోసం తీసినది. ఈ రెండు రకాల చిత్రాల మధ్య మన చరిత్ర రెండుగా చీలిపోయి ఉన్నది. నేటి సౌదీలో కూలీ జేబులో ఉండే ఇకామా కార్డు మీది చిన్న బొమ్మను చూసినప్పుడు నాకు ఆ చీటీలే గుర్తుకు వస్తవి.

ఈ చిక్కు మనకే కాదు. జపానులో నాగసాకి దగ్గర హషిమా అనే బొగ్గుగని దీవి 1974లో గని మూసివేసిన తరువాత నిర్జనమైంది. దాని సిమెంటు మేడలు లోకప్రసిద్ధమైన శిథిల చిత్రాలైనవి. 2015లో అది ప్రపంచ వారసత్వ పట్టికకు చేరినప్పుడు, యుద్ధకాలంలో అక్కడ బలవంతంగా పనిచేయించబడిన కొరియన్ల మాట ఎక్కడ అని కొరియా అడిగింది. అమెరికాలో డెట్రాయిట్ నగరవాసులు కూడా, మేమింకా ఇక్కడే ఉన్నాము గదా, మా ఊరు శవమైనట్లు ఎందుకు చూపిస్తారు అని అడిగినారు.

ఇంతమాత్రాన ఈ ఛాయాగ్రాహకులను తోసిపుచ్చనవసరం లేదు. ప్రభుత్వం పట్టించుకోని కట్టడాన్ని మొదట గుర్తించేది తరచుగా వీరే. గోడ కూలకముందు ఒక్క చిత్రమైనా మిగులుతుంది. బర్జాన్ విషయంలో మనం చూసినది అదే. మనిషి లేని చిత్రం కూడా మంచిది కావచ్చు, మనిషి జాడ దాచకపోతే. పొగచూరిన గోడ, తలుపు పక్కన నూనె చేతుల మరక, అరిగిన గడప తీసినవాడు మనిషిని తీసినట్లే. చిత్రం కింద మూడు మాటలు వ్రాయాలని నేను అడుగుతాను: కట్టినది ఎవరు, చివర ఉన్నది ఎవరు, ఎందుకు వెళ్ళినారు. వీటిలో రెండో ప్రశ్నకు జవాబు వెదకని చిత్రం నా లెక్కలో సగం పనే.

మన సంచికలో ఇకమీదట చిమ్నీ బొమ్మ వేస్తే దాని పక్కనే ఆ తోటకు కేటాయించబడిన వారి పేర్లు కూడా వేయవచ్చు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలసదారుల రిజిస్టర్లు ఉన్నవి. ఏ ఓడలో వచ్చినదీ, ఏ యజమాని దగ్గరకు పంపబడినదీ వాటిలో వ్రాసి ఉంటుంది. కొందరి ముఖచిత్రాలూ ఉన్నవి. వంశస్థులు దరఖాస్తు పెట్టుకుంటే నకలు ఇస్తారు. పేర్ల వర్ణక్రమం తప్పుల తడకగా ఉంటుంది కాబట్టి వెదికేటప్పుడు అప్పన్ననూ అప్పడునూ ఒకే మనిషిగా అనుమానించి చూసుకోవాలి.