కదురు పట్టిన చేయి, మగ్గమెక్కిన చేయి

శ్రావణ మాసంలో ఈరన్న స్వామి భక్తులతో నిండిపోయే ఉరుకుంద క్షేత్రం చుట్టుపక్కల ఉన్న ఆదోని పత్తికీ, ఎమ్మిగనూరు చేనేతకూ పేరు పొందాయి; 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు నేత పేరును దూర ప్రాంతాలకు చేర్చింది. నూలు నేతతో సమానంగా గౌరవించదగినది, దక్కను మెట్టలో గొర్రెలను మేపే కురువ కుటుంబాల కంబళి పని.

ఈ పని ఆలుమగలిద్దరూ పంచుకుంటే గాని పూర్తి కాదు. నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, వింటినారితో కొట్టి దూదిలా విప్పిన తరువాత, సంప్రదాయంగా ఇల్లాలు దానిని కదురుపై, అంటే దారానికి పురి ఎక్కించే సన్నని ఇరుసుపై, వడుకుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్ని సన్నబడుతూ జారేటప్పుడు ఎక్కడ పట్టు బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమె వేళ్లకే తెలుసు. ఆ దారంతో పడుగు, అనగా నిలువు పోగుల వరుస, పరచి, పోగులు తెగకుండా చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టాక, భర్త గుంటమగ్గంలో కూర్చుని అడ్డుపోగైన పేకను నేస్తాడు.

వడుకులోని ఎగుడుదిగుడు నేతలో తప్పక బయటపడుతుంది కనుక, ఒకరి ఓర్పును మరొకరు గౌరవించడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, పనితనానికే ఆధారం. చలినీ వాననూ ఏళ్ల తరబడి ఆపగల కంబళికి వెల కట్టేటప్పుడు మగ్గంతో పాటు కదురు శ్రమనూ లెక్కించడమే న్యాయం.