రౌద్రం దాటిన వీరం

కాలిఫోర్నియాలోని కాంప్టన్ నగరం నల్లజాతి యువకులపై పోలీసుల దౌర్జన్యాన్ని రెండు తరాలుగా పాడుతోంది. 1988లో అక్కడి ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. ఏకంగా పాటలోనే కోర్టు పెట్టి పోలీసులను బోనెక్కించింది. డాక్టర్ డ్రే న్యాయమూర్తి, తోటి ర్యాపర్లు సాక్షులు. మరుసటి ఏడాది ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు వారి రికార్డు కంపెనీకి అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశాడు. అది రౌద్రం; దాని స్థాయీభావం క్రోధం. ఆ ఊరి బిడ్డే అయిన ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2015లో ‘ఆల్‌రైట్’ పాడాడు. దీని స్థాయీభావం ఉత్సాహం. అందుకే ఇది వీరరసం.

ఆ ఉత్సాహం ఊరికే వచ్చింది కాదు. ఆలిస్ వాకర్ నవల ‘ది కలర్ పర్పుల్’లో బతుకంతా పోరాటమే అయిన సోఫియా మాటను తలచుకుంటూ పాట మొదలవుతుంది. డబ్బు ఆశ, మత్తు, సైతాను ప్రలోభం చరణాల్లో కమ్ముకొస్తాయి. నడివీధిలో తమ ప్రాణం తీయజూసే పోలీసుల మాట సూటిగా వస్తుంది. మోకాళ్లు సడలిన మనిషి పాస్టరు గుమ్మం ముందు నిలబడతాడు. శంక, దైన్యం, గ్లాని: ఈ సంచారీభావాలన్నీ వచ్చి పోయాక ఫారెల్ విలియమ్స్ గొంతులో పల్లవి విచ్చుకుంటుంది. మాటలు కిక్కిరిసిన చరణాల పక్కన ఆ పల్లవికి నాలుగే మాటలు. టెరెస్ మార్టిన్ శాక్సోఫోన్ ఆ గొంతుల నడుమ మెరిసి మాయమవుతుంది. ఎంత అద్భుతమైన నిర్మాణం! ఊపిరాడని చోట నుంచి ఒక్కసారిగా ఆరుబయటికి వచ్చినట్టుంటుంది.

నలుపు తెలుపుల వీడియోలో నలుగురు తెల్ల పోలీసులు కెండ్రిక్ కూర్చున్న కారును భుజాల మీద మోస్తారు. చివర్లో వీధి దీపపు స్తంభం మీద నిలిచిన అతణ్ణి ఓ పోలీసు వేళ్లనే తుపాకీ చేసి కాలుస్తాడు. నేలకూలిన కవి కళ్లు తెరిచి నవ్వుతాడు. మరణాన్ని దాచకుండానే భయాన్ని ఓడించిన ఆ నవ్వులో ధీరత్వం మూర్తి కట్టింది.

2015 జూలైలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో నల్లజాతి ఉద్యమకారుల సమావేశం జరిగింది. అక్కడ పోలీసులతో ఘర్షణ జరిగాక జనం ఎత్తుకున్నది ఈ పల్లవినే. ఒక మనిషి ధైర్యం వేలమంది గొంతులకు ఎక్కడమే వీరరస సిద్ధి.

యాస అందదని ఈ పాటను పక్కన పెట్టకండి. పల్లవి ఒక్కటే విని ఊరుకోకండి. చరణాల చీకటితో సహా మొత్తం వినండి; ఆ ఆశకు చెల్లించిన మూల్యం అప్పుడే తెలుస్తుంది.