పెట్రోలు పుట్టుక, డీజిలు బతుకు

అమెరికాలో టాపు విప్పి తిరిగే కారు అనగానే ముస్టాంగ్ గుర్తొస్తుంది, లేదంటే పాంటియాక్ జీటీఓ. 1964లో వచ్చిన జీటీఓలో 6.4 లీటర్ల వీ8 ఇంజను, 325 హార్స్‌పవర్. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ముస్టాంగ్‌ను జనం ముందుకు తెచ్చారు. ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మా సత్తుపల్లి దాకా ఆ జాతి బళ్లు రాలేదు. టాపు తీస్తే ఆకాశం కనిపించే అమెరికా బండి మా వైపుకి వచ్చింది ఒక్కటే, జీపు. రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపు ఇంజను బలం 60 హార్స్‌పవర్. జీటీఓ కుర్రాళ్లు నవ్వుతారేమో. అశ్వారావుపేట అవతల వానాకాలంలో వాగు దాటాల్సొస్తే ఆ నవ్వు ఎంతసేపుంటుందో చూడాలి.

జీపు మొదటి నమూనాను 1940లో పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో బాంటమ్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. అంత చిన్న కంపెనీకి అన్ని బళ్లు చేసే తాహతు లేదని సైన్యం పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డుకీ కట్టబెట్టింది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు దించాయి. ఇక్కడ మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి 1945లో ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ పెట్టుకున్నారు. దేశం రెండయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థికమంత్రిగా వెళ్లాడు, కంపెనీ పేరులోంచి ఆయన పేరు పోయింది. మిగిలినవాళ్లు బొంబాయి మజగావ్‌లో విల్లీస్ విడిభాగాలు దించుకుని జీపులు బిగించడం మొదలుపెట్టారు.

మా ప్రాంతానికి అవి సర్కారు బళ్లుగా వచ్చాయి. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక, ఊళ్లోకి సమితి జీపు వచ్చిందంటే ప్రభుత్వమే వచ్చినట్టు. రేంజరు జీపు వేరు, దాన్ని చూస్తే కలప బండివాళ్లు పక్కదారి పట్టేవాళ్లు. మలేరియా వాళ్ల జీపు ఇంకోటి. ఇవన్నీ పాతబడి వేలంలో పోయాక, అవే దమ్మపేట, అశ్వారావుపేట రోడ్ల మీద సర్వీసు జీపులయ్యాయి. లోపల ఎంతమంది పడతారన్నది ఆ డ్రైవర్లు ఎప్పుడూ లెక్కేసుకోలేదు. బయట ఎంతమంది వేలాడగలరన్నదే లెక్క. తర్వాత ట్రాక్సులు, ఆ వెనక సెవెన్ సీటర్ ఆటోలు వచ్చి వాటిని దొడ్లలోకి నెట్టేశాయి.

మా షెడ్డులో ఉన్నదీ అలాంటి వేలం జీపే. 1968 మోడల్ సీజే-3బీ. నాన్న ఎనభైల్లో కొన్నాడు. ఈ మోడల్‌ని బానెట్ చూసి గుర్తుపట్టొచ్చు. పాత జీపుల ఇంజనులో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి, అందుకే ఇంజను పొట్టి. 3బీలో పెట్టిన హరికేన్ ఇంజనులో గాలి లోపలికి పీల్చే వాల్వులను పైకి, హెడ్డులోకి మార్చారు. పొగ వదిలే వాల్వులు మాత్రం బ్లాకులోనే ఉండిపోయాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగింది. బానెట్ పెంచారు, మడ్‌గార్డులు పాతవే ఉంచేశారు. ఎదురుగా నిలబడి చూస్తే పొట్టి మనిషి పెద్ద తలపాగా చుట్టుకున్నట్టు ఉంటుంది.

ఆ తలపాగా కింద హరికేన్ ఇంజను ఇప్పుడు లేదు. బండి కొన్న కొన్నేళ్లకే నాన్న దాన్ని దింపించి ట్రాక్టరు డీజిలు ఇంజను ఎక్కించాడు. ఆ రోజుల్లో అందరూ చేసిందే అది. డీజిలు చవక, ట్రాక్టరు మెకానిక్కు ప్రతి ఊళ్లో ఉంటాడు, సామాను తిరువూరులోనే దొరుకుతుంది. మహీంద్రా కంపెనీ కూడా ఆ దారినే వచ్చింది. ట్రాక్టరు వంశపు డీజిలు ఇంజన్లు, ప్యూజో డీజిలు ఇంజను జీపుల్లో పెట్టి అమ్మింది. మనం ఎంఎం 540 అని పిలుచుకున్న దానిలో మోగింది ప్యూజోదే.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అక్కడి గరాజులో 1966 ముస్టాంగ్ కన్వర్టిబుల్ విప్పి పెట్టుకున్నాడు. ఆదివారం వచ్చిందంటే ఇద్దరం వీడియోలో ఒకరి తుప్పు ఒకరికి చూపించుకుంటాం. మా చెల్లెలు పక్కనుంచి, పిల్లల చదువుల సంగతి ఒక్కటి మాట్లాడుకోరు కదా అని సణుగుతుంది.

"మామయ్యా, ముందు ఆ డీజిల్ దించేయ్. హరికేన్ నేను వెతికి పెడతా. అది లేకపోతే రెస్టొరేషన్ అనిపించుకోదు," అంటాడు వాడు.

వాడి లోకంలో అది నిజమే. ముస్టాంగ్ డ్రైవరు వైపు డోరుకి చిన్న రేకు పలక ఉంటుంది. రంగు ఏది, సీట్ల గుడ్డ ఏది, ఏ యాక్సిల్, ఏ రోజు తయారీ, అన్నీ దాని మీద కోడుల్లో కొట్టి ఉంటాయి. దాంతో పోల్చి బండిని ఫ్యాక్టరీ గేటు దాటిన నాటికి తీసుకెళ్లాలి. ఇంజను వేరే బండిదైతే ధర సగానికి సగం పడుతుందని వాడి బాధ. పైగా అక్కడ కాటలాగ్ తెరిస్తే దొరకని సామాను లేదు. 1967 ముస్టాంగ్‌కైతే మొత్తం బాడీయే కొత్తగా అచ్చు తీసి అమ్ముతారు. అంతా కొత్తదైన పాత కారు! వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని ఆ మాట వాడితో అనలేదు.

కానీ పనిలో వాడి జాగ్రత్త చూసి నేర్చుకున్నాను. ముస్టాంగ్‌కి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. టాపున్న కారుకి పైకప్పు కూడా బలం ఇస్తుంది. కన్వర్టిబుల్‌కి ఆ కప్పు లేదు కాబట్టి ఫ్లోరు కింద, డోర్ల గడపల్లో అదనంగా ఉక్కు పెడతారు. తుప్పు సరిగ్గా అక్కడే తింటుంది. తొందరపడి ఫ్లోరు కోశామంటే బండి నడుం వంగుతుంది, ఆ తర్వాత డోర్లు జన్మలో పట్టవు. అందుకే వాడు ముందు డోర్ల సందుల్లో అడ్డంగా ఇనుప పైపులు వెల్డ్ చేసి, ఆ తర్వాతే కోత మొదలుపెట్టాడు.

జీపుతో ఆ తిప్పలు లేవు. నిచ్చెనలాంటి చాసిస్ మీద బాడీ బోల్టులతో కూర్చుని ఉంటుంది. బోల్టులు విప్పితే నలుగురు మనుషులు మోకులు వేసి బాడీని పక్కకు లేపేయొచ్చు. విప్పడమే అసలు పని. అన్నేళ్ల బురద, డీజిలు వేడి తాగిన నట్లు బోల్టులతో ఒకటైపోయాయి. మా టింకరింగ్ మేస్త్రి సుత్తి పట్టుకోనివ్వలేదు. రాత్రంతా డీజిలు పోసి నానబెట్టించాడు. పొద్దున గ్యాసు మంటతో నట్టును ఎర్రబడేదాకా కాల్చి, కాస్త చల్లారాక దాని అంచుకి కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి జారిపోయింది. స్పానర్ వేసి ముందుకు అరచుట్టు, వెనక్కి పావుచుట్టు. కిర్రుమంటూ కదిలింది. ఆ శబ్దం కోసం అక్కడున్న అందరం మాటలాపి కూర్చున్నాం.

ఫ్లోరు దగ్గర ఆయనకూ నాకూ ఒక్కటే మాట. జీపు ఫ్లోరు రేకు వంగకుండా కింద టోపీ ఆకారపు రేకు పట్టీలు ఉంటాయి. యుద్ధకాలపు జీపుల్లో ఆ పట్టీల లోపల చెక్కముక్కలు కూడా దూర్చేవాళ్లు. చెక్క నీళ్లు పీల్చి, నానుతూ కూర్చుని, రేకును లోపలినుంచి తినేసేది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, మడమతో తొక్కితే కాలు దిగబడుతుంది. మా బండి పట్టీల్లో చెక్క లేదు, దాని బదులు ఎర్రమట్టి ఉంది. పైన రబ్బరు మ్యాటు, దాని కింద గోనెపట్టా. తుప్పుకి ఇంతకంటే మంచి పరుపు ఉండదు.

"గుల్లయిన కాడ లప్పం పెడితే ఈ వానాకాలం దాకా ఆగుద్ది సారూ. ఆ తర్వాత మళ్లీ నా కాడికే వస్తది. నాకైతే మంచిదే," అన్నాడు మేస్త్రి.

గుల్లయిన భాగమంతా మంచి రేకు తగిలేదాకా కోసేశాం. కొత్త పట్టీలు 18 గేజు షీటుతో వంచి, ఫ్లోరుకి అతికించేముందే లోపలి వైపు రెడాక్సైడ్ పూశాం. ఒకసారి మూసేశాక ఆ చోటికి బ్రష్షు పోదు. పట్టీల చివర్లలో నీళ్లు కారిపోవడానికి సందులు వదిలాం. ఎవరికీ కనిపించని చోట రంగు పూయడం మీద మేస్త్రికి ఉన్న పట్టుదల, కనిపించే చోట పూసే దాని మీద లేదు. బయటి రంగు ఏదని అడిగితే, "మీ ఇష్టం, ఏదేసినా ఒకటే," అంటాడు.

సామాను కోసం తిరువూరు, మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్ వెళ్లాల్సిందే. మనకి కాటలాగ్ అదే. కౌంటరు వెనకాయన తల ఎత్తకుండానే "మేజరుదా, ఐదొందల నలభైదా, త్రీబీదా?" అని అడుగుతాడు. ఏదన్నా ఒకటే పెట్టె తీస్తాడు ఒక్కోసారి. 1950ల నాటి ఆ డిజైను మీదే మహీంద్రా వాళ్లు దశాబ్దాలపాటు రకరకాల పేర్లతో జీపులు చేశారు కాబట్టి, కింద భాగాల్లో చాలావాటికి చుట్టరికం ఉంది. కింగ్‌పిన్ సెట్టు, వీల్ సిలిండర్లు, కమాను కట్టల బుష్షులు ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి. డాష్‌బోర్డు మీటర్లు మాత్రం పాత సామాను గుట్టల్లో ఏరుకోవాల్సిందే.

ఇక చట్టం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉండాలి. అప్పుడు వీఏ అనే అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. మేనల్లుడు ఈ సంగతి చదివి ఎగిరి గంతేశాడు. హరికేన్ దొరికితే మనకీ వీఏ నంబరే అని. నేను కింది నిబంధన చదివి వినిపించాను. అలాంటి బండిని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి మాత్రమే. తోటకెళ్లి పామాయిలు గెలలు చూసి రావడం ఆ జాబితాలో లేదు.

నాన్న చేయించిన ఇంజను మార్పు అప్పట్లోనే ఆర్‌సీలో ఎక్కింది. అందువల్ల మామూలు రిజిస్ట్రేషన్ కింద, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ తిరగొచ్చు. ఇవాళ కొత్తగా ఇష్టమొచ్చినట్టు మారుస్తామంటే కుదరదు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. హర్యానా డబ్వాలీలో తయారై యూట్యూబులో మెరిసే లావు టైర్ల జీపులు చూసి మా కుర్రాళ్లు మోజుపడుతుంటారు. వాళ్లకి ఈ తీర్పు చెబితే నన్ను ముసలాడి కింద జమకడతారు.

నేను గీసుకున్న గీత ఇది. అవసరం కోసం చేసిన మార్పు ఉంటుంది, సోకు కోసం చేసింది పోతుంది. కాబట్టి డీజిలు ఇంజను ఉంటుంది. మా ఇంటికొచ్చాక ఆ బండి పెట్రోలు తాగింది కొన్నాళ్లే, మిగతా బతుకంతా డీజిలు మీదే గడిచింది. మా తోట బావి పూడిక, రెండు పెళ్లిళ్ల సామాను, పురిటి నొప్పుల మనుషులు, అన్నీ ఆ ఇంజను మీదే వెళ్లాయి. 1968 నాటికి తీసుకెళ్లడమంటే వీటిని చెరిపేయడమే. తొంభైల్లో ఎవరో తగిలించిన క్రోమ్ బంపరు, రంగు లైట్లు తీసేశాను. ముందు కమాను కట్టలో అదనంగా వేసిన ఆకు ఉంచాను. డీజిలు ఇంజను బరువెక్కువ, ఆ ఆకు లేకపోతే ముక్కు నేలకి వంగుతుంది.

గీత గీయడం తేలికే. బానెట్ వెనక, అద్దం ఫ్రేముకి ఆనించి ఒక ఇనుప స్టాండు వెల్డ్ చేసి ఉంది. ఎన్నికల్లో మైకు కట్టడానికి పెట్టింది. ఏ పార్టీ మైకు అంటే, అద్దె ఎవరిస్తే వాళ్లది. అది అవసరమా, సోకా? మేనల్లుడు కోసేయమన్నాడు. మేస్త్రి, "ఉండనీ సారూ, సర్పంచి ఎలక్షన్లకి పనికొస్తది," అన్నాడు. ఉంచేశాను. అయితే దాని వల్ల అద్దం ఫ్రేము పూర్తిగా బానెట్ మీదకి పడుకోదు. జీపులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఏర్పాటు అదే. పైన పట్టా చుట్టి, అద్దాన్ని బానెట్ మీదికి వాల్చి కొక్కెం బిగించి, ఎదురుగాలికి కళ్లు చికిలించుకుంటూ పోవడం. ఏ కన్వర్టిబుల్‌కైనా టాపు తీయడం వచ్చు, అద్దాన్ని కూడా వాల్చుకునేవి ఎన్నో లేవు. చివరికి స్టాండుని కోసి, బోల్టులతో విప్పి బిగించేలా మార్చాం. ఎలక్షన్లకు ఎలక్షన్లు, గాలికి గాలి.

బ్రేకుల్లో మాత్రం ఎవరి మాటా వినలేదు. ఈ జీపులకి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు లైను. ఎక్కడ పైపు కారినా నాలుగూ పోతాయి. హ్యాండు బ్రేకు వెనక చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మీద పట్టుకుంటుంది. బండి నడుస్తుండగా దాన్ని లాగకూడదు. సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు లారీలు తిరిగే ఈ రోడ్ల మీద పాత పైపులను నమ్ముకుని వెళ్లలేను. పైపులు, హోసులు, మాస్టర్ సిలిండరు అన్నీ కొత్తవే వేయించాను. పాతదనం మీద నాకున్న గౌరవం బ్రేకుల దగ్గర ఆగిపోతుంది.

టాపు ఇంకా మిగిలింది. అమెరికాలో కొలతకి కుట్టిన కాన్వాసు టాపు పార్సిల్‌లో వస్తుందని, పంపుతానని మేనల్లుడు అన్నాడు. అది యుద్ధకాలపు జీపు కొలత. మా అద్దం ఫ్రేము ఎత్తుకి పనికిరాదు. లారీలకి పట్టాలు కుట్టే దుకాణంలోనే ఇచ్చాను. అతను ఊచల మీద పాత గోనెలు కప్పి కొలతలు తీసుకున్నాడు, వెనక కిటికీకి ప్లాస్టిక్ షీటు వేస్తానన్నాడు, అడ్వాన్సు తీసుకున్నాడు. ఈలోగా బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి బండి తీసుకెళ్లాలి. ఇంజను మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, వైపర్ తిరుగుతోంది. హారన్ ఒక్కటే ఎడమవైపు తిప్పినప్పుడు మోగి, కుడివైపు తిప్పితే మానేస్తోంది. స్టీరింగు కింద వైరు ఎక్కడ రాసుకుంటుందో మేస్త్రి రేపొచ్చి చూస్తానన్నాడు.