కన్యాశుల్కంలో సోదరీబంధం: బుచ్చమ్మ, సుబ్బి, మధురవాణి

తెలుగు కావ్యంలో అక్కాచెల్లెళ్ళ వైరం అనగానే మొదట స్ఫురించేది నన్నయ ఆదిపర్వంలోని కద్రూవినతల కథ. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు, ఒకే భర్త భార్యలు. ఉచ్చైశ్రవం తోక రంగుపై పందెం, అందులో కపటం, ఓడిన వినతకు దాస్యం, ఆ దాస్యం తీరడానికి అమృతం మూల్యం. గరుడుడు ఆ మూల్యాన్ని తెచ్చి తల్లిని విడిపిస్తాడు. దాస్యం తీరుతుంది గాని సోదరీమణుల మధ్య సఖ్యం కుదరదు. ఈ కథలో గమనించదగిన అంశం ఒకటుంది. ఒకరి లాభం మరొకరి నష్టం కాక తప్పని స్థితిలో ఆ ఇద్దరూ ఉన్నారు. వైరానికి స్వభావం ఎంత కారణమో స్థితి కూడా అంతే కారణం.

అటువంటి స్థితినే గురజాడ అప్పారావు ఆధునిక సాంఘిక జీవితంలో నిలిపి చూశాడు. కన్యాశుల్కంలో అక్కాచెల్లెళ్ళు ఉన్నారు, వారిని ఎదురెదురుగా నిలబెట్టగల పరిస్థితీ ఉంది, కాని వైరం లేదు. ఈ లేమికి కారణమేమిటన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాటకంలో స్త్రీల మధ్య స్పర్ధలు లేకపోలేదు. అవి రక్తసంబంధం లేనివారి మధ్య నడుస్తాయి. చివరకు సోదరీధర్మం నెరవేరేది కూడా రక్తసంబంధం లేని స్త్రీ చేతనే.

నాటకానికి నేపథ్యమైన వ్యవస్థ తీవ్రతను గురజాడ 1897 నాటి తొలి కూర్పు ఆంగ్ల పీఠికలోనే అంకెలతో చూపాడు. విజయనగరం మహారాజు చేయించిన లెక్కలో నాటి విశాఖపట్నం జిల్లాలోని సాధారణ ప్రాంతాలలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలు 1,034గా తేలాయి. వధువులలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లల వెల 350 నుండి 400 రూపాయలు. ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ఇల్లు ఉంది. ఒకే ఇంట ఇద్దరు ఆడపిల్లలుంటే వారి మధ్య బంధం ఏ రూపం తీసుకుంటుందన్న విషయం ఆ లెక్కలో కనపడదు. దానిని చూపే పని నాటకం తలకెత్తుకుంది.

కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది బుచ్చమ్మ, వితంతువు. చిన్నది సుబ్బి, లుబ్ధావధాన్లుకు 1800 రూపాయలకు కుదిరిన పిల్ల. తండ్రి దృష్టిలో ఇద్దరూ ఆర్థిక వ్యవహారాలే. పెద్దదాని వైధవ్యం నుండి ఆమె భర్త ఆస్తి వ్యాజ్యం పుట్టింది, చిన్నదాని పసితనం నుండి శుల్కం రాబోతున్నది. వయసు రాకముందే బుచ్చమ్మ మీద పెద్దరికం పడింది. నేటి లెక్కలో ఆమె జీవితం అప్పుడే మొదలవుతున్న యువతి, నాటి ఆచారం లెక్కలో జీవితం ముగిసిన స్త్రీ. తనకు దక్కని మాంగల్యం చెల్లెలికి దక్కబోతున్నదన్న అసూయకు ఇక్కడ సులభంగా చోటు దొరికేది. మరొక నాటకకర్త అయితే ఆ అవకాశాన్ని వదులుకొనేవాడు కాడు. గురజాడ దానిని పూర్తిగా తిరస్కరించాడు. చెల్లెలికి జరగబోయేది ఏమిటో ఆ ఇంట స్వానుభవంతో ఎరిగినది అక్క ఒక్కతే. ఆ ఎరుక ఉన్నచోట అసూయకు తావు లేదు.

బుచ్చమ్మను గిరీశం మాటలకు లొంగిన అమాయకురాలిగా చూడడం పరిపాటి. ఆమె అమాయకత్వం కాదనలేనిదే. అయితే ఆమె సమ్మతించిన క్రమాన్ని జాగ్రత్తగా చదివితే మరొక అంశం బయటపడుతుంది. వితంతు వివాహం శాస్త్రసమ్మతమని గిరీశం ఎంత ఉపన్యసించినా అది మాత్రమే ఆమెను ఇల్లు కదిలించలేదు. ఆమె గడప దాటడానికి నిర్ణాయకమైన కారణం సుబ్బి. తాను గిరీశంతో వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి తప్పుతుందన్న ఆశే ఆమెను కదిలించింది. తన సుఖం కోసం అడగడానికి జంకిన స్త్రీ చెల్లెలి కోసం లోకనిందకు సిద్ధపడింది. కనుక ఆమె లేచిపోవడంలో ప్రణయం కంటె సోదరీప్రేమ పాలు ఎక్కువ. గిరీశం దౌష్ట్యం లోతు కూడా ఇక్కడే తెలుస్తుంది. అతడు ఆమె కోరికను గాక, ఆమె హృదయంలోని ఉత్తమాంశాన్ని ఎరగా వాడుకున్నాడు.

ఈ త్యాగంలో ఒక విషాద వ్యంగ్యం కూడా ఉంది. సుబ్బి పెళ్ళిని తప్పించే ఏర్పాటు అప్పటికే మరొకచోట సాగుతున్నది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం కట్టి, ఆ మాయపెళ్ళికూతురిని లుబ్ధావధాన్లుకు అంటగట్టాడు. ఆ పథకం కరటకశాస్త్రి, శిష్యుడు, మధురవాణి నడిపినది. బుచ్చమ్మకు అందులో పాత్ర లేదు. పెళ్ళి నిజానికి తప్పినది ఆ మాయోపాయం వల్ల, బుచ్చమ్మ మూల్యం చెల్లించినది మాత్రం చెల్లెలి పేర. ప్రేమ ఉండి సమాచారమూ అధికారమూ లేకపోతే త్యాగం పరుల చేతిలో పనిముట్టు కాగలదని గురజాడ ఎక్కడా ఉపన్యసించకుండా నిరూపించాడు. సుబ్బికి నాటకంలో చెప్పుకోదగిన సంభాషణ లేకపోవడమూ ఇందులో భాగమే. అక్క ఎవరికోసం ఇల్లు విడిచిందో ఆ పిల్ల మనసు మనకు వినపడదు.

నాటకంలోని స్పర్ధలు వేరొకచోట ఉన్నాయి. గిరీశాన్ని వెదుకుతూ పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వస్తుంది. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షికీ మధురవాణికీ మధ్య రామప్పంతులు ఉన్నాడు. ఈ రెండు సందర్భాలలోనూ స్త్రీలను ఎదురెదురుగా నిలిపినది పురుషుని కపటమే. కద్రూవినతల నడుమ కశ్యపుడు నిలిచిన చోటనే ఇక్కడ గిరీశమూ రామప్పంతులూ నిలిచారు. మీనాక్షి కూడా బుచ్చమ్మవలెనే పుట్టింట ఉన్న వితంతువు. పెళ్ళి జరిగి ఉంటే సుబ్బి ఆమెకు సవతితల్లి అయ్యేది. ఒక ఇంటి వితంతువు చెల్లెలు మరొక ఇంటి వితంతువుకు తల్లి కాబోవడంలోనే ఆ వ్యవస్థ వికృతి అంతా ఇమిడి ఉంది.

కథా సంప్రదాయం ప్రకారం చూస్తే బుచ్చమ్మకు ప్రత్యర్థిగా నిలవవలసినది మధురవాణి. గిరీశం విడిచిన స్త్రీ ఒకరు, చేపట్టదలచిన స్త్రీ ఒకరు. వారిద్దరూ రంగస్థలం మీద ముఖాముఖి మాట్లాడుకోరు. అయినా అక్కాచెల్లెళ్ళిద్దరికీ రక్షణ మధురవాణి వల్లనే లభించింది. తన కంటెను మాయపెళ్ళికూతురికిచ్చి సుబ్బి పెళ్ళి తప్పించే పథకాన్ని నిలబెట్టింది. చివరకు సౌజన్యారావు ఎదుట గిరీశం నిజస్వరూపాన్ని బయటపెట్టి బుచ్చమ్మను అతని చేతి నుండి తప్పించింది. సుబ్బిని ఆమె ఎరుగదు. కరటకశాస్త్రి మీది ఆదరమూ, సౌజన్యారావు మీది గౌరవమూ ఆమెను ప్రేరేపించిన మాట నిజమే. కాని ప్రేరణ ఏదైనా ఫలితం ఒకటే. తోబుట్టువు చేయబోయి చేయలేకపోయిన పనిని వేశ్య చేసింది. 1909 నాటి మలికూర్పులో గురజాడ నాటకాన్ని విస్తరించి మధురవాణి పాత్రను ఎంతగానో పెంచడాన్ని ఈ దృష్టితో కూడా చూడవలసి ఉన్నది. రక్తసంబంధం విఫలమైన చోట నిలబడగల బంధాన్ని రచయిత ఆ పన్నెండేళ్ళలో మరింత స్పష్టంగా ఊహించుకున్నాడనిపిస్తుంది.

ముగింపులో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే నిర్ణయం జరుగుతుంది. అక్కాచెల్లెళ్ళు తిరిగి కలుసుకొనే దృశ్యం లేదు. గురజాడ పూర్ణమ్మ మృత్యువుకు ముందు అన్నదమ్ములకు వీడ్కోలు చెప్పగలిగింది. బుచ్చమ్మకు చెల్లెలి ముందు ఆ వీడ్కోలు కూడా దక్కలేదు. ఆమె బతికింది, చదువుకొనే వీలు కలిగింది, కాని చెల్లెలి నుండి దూరమైంది. వైరమే లేనప్పుడు సఖ్యత ప్రసక్తి ఎందుకని అడగవచ్చు. వైరం లేకపోయినా వారి మధ్య ఎడబాటు మిగిలింది. ఆ ఎడబాటును పూడ్చే మార్గాన్ని నాటకం చూపదు. సంస్కరణ ఒక స్త్రీని కాపాడగలిగినా, విడిపోయిన తోబుట్టువులను కలిపే బాధ్యతను తన పరిధిలోకి తెచ్చుకోలేదు. సౌజన్యారావు ఆదర్శానికి ఇదొక పరిమితి.

స్త్రీకి స్త్రీయే శత్రువన్న లోకోక్తిని ఆధారం చేసుకొని ఉత్తరాంధ్ర సాహిత్యంలోని స్త్రీపాత్రలను వ్యాఖ్యానించే ధోరణి నేటికీ ఉంది. కన్యాశుల్కం ఆ ధోరణికి బలమైన సమాధానం. వైరం స్త్రీస్వభావం కాదనీ, వెలకట్టే వ్యవస్థ దానిని సృష్టిస్తుందనీ ఈ నాటకం చూపుతుంది. ఆ వ్యవస్థలోనే ఉంటూ బుచ్చమ్మ చెల్లెలిని ద్వేషించడానికి నిరాకరించింది, మధురవాణి తనకు ప్రత్యర్థి కావలసిన స్త్రీని ద్వేషించడానికి నిరాకరించింది. ఈ రెండు నిరాకరణలను కలిపి చదివినప్పుడే నాటకంలోని సోదరీబంధం సమగ్రంగా అవగతమవుతుంది.