శ్రీనాథుని చాటువులలో పరదేశి: పల్నాడు, విద్యానగరము

ఉద్యోగార్థియై పరదేశమందలి మహానగరము చేరినవాడు కట్టు మార్చుకొనవలెను, తిండి మార్చుకొనవలెను, మాటతీరు మార్చుకొనవలెను. వేడుక చూడ వచ్చినవానికి ఈ అగత్యము లేదు. ఈ భేదమును మన సాహిత్యమున స్పష్టముగ చూపునవి శ్రీనాథుని పేర ప్రచారమందున్న కొన్ని చాటువులు. వీనిలో పల్నాటిని గూర్చినవి హాస్యమునకును, విద్యానగరమును గూర్చినది కవిజీవితమునకును ఉదాహరణములుగ విడివిడిగ చదువబడుచున్నవి. రెంటిని జోడించి చదివినగాని వీని అర్థము పూర్తి కాదని మా అభిప్రాయము.

మొదట ఒక హెచ్చరిక. చాటువునకు గద్య లేదు, కృతిపతి లేడు. ఒక పద్యము శ్రీనాథునిదని లోకము చెప్పుటయే తప్ప నిరూపించు ఆధారము తఱచుగ దొరకదు. కావున వీనిని కవి దినచర్యగ గ్రహింపరాదు. కాని ఒకే నోట ఈ రెండు తెఱగుల పద్యములను తెలుగువారు పలికించిరన్నది కాదనరాని విషయము. మా పరిశీలన ఆ నోటిని గూర్చినదే.

పల్నాటి చాటువుల సారము అందఱు ఎఱిగినదే. రాళ్లు, తేళ్లు, పాములు, చిన్నచిన్న దేవతలు, నాగులేటి నీరు. ఏ పూట చూచినను జొన్నయే; సన్నన్నము మాట లేదు. రాజైనను అచట నాగలి పట్టవలసినదే, రంభయైనను ఏకులు వడకవలసినదే. ఈ పద్యములందు వక్త పల్నాటివారిని ఏమియు అడుగడు. అతనికి వారితో పని లేదు. ఆకలి వేసినపుడు కృష్ణుని పిలిచి, పూతన పాలను, దావాగ్నిని మ్రింగిన ఘనుడవు గదా, ఈ జొన్నముద్దను మ్రింగి చూడుమని సవాలు చేయును. దప్పికకు సంబంధించినదిగ చెప్పబడు పద్యమున శివుని నిలదీసి, బిచ్చమెత్తువానికి ఇద్దఱు భార్యలేల, గంగను విడువుమని ఆజ్ఞాపించును. ఎదుటి మనుష్యుల తలలమీదుగ దేవతలతో పరిహాసమాడు చనువు ఇది. మనుష్యుల దయ అక్కఱ లేనివానికే ఇట్టి చనువు చెల్లును.

ఇక విద్యానగరము. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై వెలిగిన కవి, ఆ రాజ్యము క్షీణించిన పిమ్మట ఆశ్రయము వెదకుకొనుచు ప్రౌఢదేవరాయల నగరము చేరెనని పరంపర చెప్పుచున్నది. అచటిదైన చాటువున వక్త తాను చేసిన పనులను లెక్క పెట్టును. కొత్త టోపీయు పొడుగు అంగీయు వేసికొనెను. వెల్లుల్లియు తెలకపిండియు తినెను. వడ్డించినది ఒక విధవ యనుటచేత అది పూటకూటి భోజనమని ఊహింపవచ్చును. చల్ల కలిసిన అంబలి త్రాగెను. రుచులెంచుట తప్పని మానుకొనెను. చివఱకు కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ యని పిలిచి, దయ లేదా యని అడిగి, తన పేరు చెప్పుకొనును.

రెండు చోట్లను విన్నపము దేవతకే. పల్నాట దేవుడు పరిహాసపాత్రము. విద్యానగరమున దేవత అధికారిణి. పల్నాటి జొన్నవంటకముల పట్టికలో అంబలియు కలదు. అచట నవ్వులపాలైన ఆ అంబలియే ఇచట నోరు మెదపక త్రాగబడినది. మారినది అంబలి కాదు, త్రాగువాని స్థితి.

రెండవ పద్యమునను హాస్యమున్నది గదా యని ఆక్షేపింపవచ్చును. ఉన్నది. కాని మొదటి హాస్యమునకు లక్ష్యము పరులు, రెండవదానికి తానే. చివర పేరు చెప్పుకొనుటలో గర్వమెంత కలదో అంత దైన్యము కలదు. పేరు తెలిసినచోట దానిని చెప్పుకొన పని లేదు గదా.

ఇదే నగరమును ఇదే రాజు కాలమున, 1443లో, షారుఖ్ రాయబారి అబ్దుర్ రజాక్ దర్శించెను. అతడు కోట ప్రాకారములను, అంగళ్లలో బహిరంగముగ అమ్ము రత్నములను కన్నులార చూచి వర్ణించెను. అతనికి విడిదియు దినవెచ్చమును రాజే ఏర్పఱచెను. చాటువునందలి పరదేశికి అంగడి కనబడలేదు; కనబడినది విస్తరి మాత్రమే. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లంతయు తిరిగి వేడుకలు చూతురు. ఒక రూక యిచ్చిన చాలు, పూటకూళ్లయింట కమ్మని భోజనము. చేత రూక యున్నవానికి నగరము వినోదము; లేనివానికి పరీక్ష.

క్రీడాభిరామమును వినుకొండ వల్లభరాయనిదనువారును, శ్రీనాథునిదనువారును కలరు. కర్త ఎవరైనను, ఆ నగరవీథిలో పల్నాటి వీరుల కథ పాడబడుట మన విచారమునకు ముఖ్యము. జొన్నకూడు సభ్యతకు తగదనిపించుకొన్న సీమ, తన పాటతో మహానగరమున ఆసక్తిగల శ్రోతలను సంపాదించినది. పల్నాటి వీరచరిత్ర సయితము శ్రీనాథుని పేరనే నిలుచుట గమనింపదగినది. వెక్కిరించిన నోటినే వీరగాథకును లోకము ఎన్నుకొన్నది.

పరంపర ప్రకారము శ్రీనాథుడు తుదకు గౌడ డిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించి కనకాభిషేకము పొందెను. అయినను విద్యానగరమున స్థిరపడలేదు. రాజమహేంద్రవరము చేరి వీరభద్రారెడ్డికి కాశీఖండమును అంకితమిచ్చెను. సన్మానము వేఱు, ఉద్యోగము వేఱు.

1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడిన పిదప పల్నాట వరి పండుచున్నది. సన్నన్నము లేదను మాట నేడు చెల్లదు. 2022లో నరసరావుపేట కేంద్రముగ ఏర్పడిన పల్నాడు జిల్లాలో కొండవీడును చేరినది. కావున శ్రీనాథుడు బయలుదేఱిన చోటును, వెక్కిరించిన చోటును నేడు ఒకే జిల్లా. మాచర్ల, గురజాల తరగతులలో ఈ పద్యములు చెప్పినపుడు పిల్లలు నవ్వుదురు; ఆ నవ్వులో కొంత సిగ్గును ఉండును. వారిలో పలువురు చదువు ముగియగనే హైదరాబాదునకో, సముద్రము దాటియో ఉద్యోగము వెదకుకొనుచు పోవలసినవారే. అచట వారు నిలుచుట మొదటి పద్యపు వక్త స్థానమున కాదు, రెండవ పద్యపు వక్త స్థానమున. అధ్యాపకులు పల్నాటి చాటువు చెప్పిన గంటలోనే విద్యానగరపు చాటువును చెప్పుట ఉచితము. అపుడు జొన్నకూటిని నవ్వినవాడెవడో, అంబలి త్రాగినవాడెవడో విద్యార్థికి ఒక్కసారిగ తెలియును.