కాడికి సరిజోడు

సంతకొచ్చే రైతుల్లో కొందరు అందరి కళ్లూ పడ్డ గిత్తనే బేరమాడతారు. కొందరికి ఇంట్లో ఎలపటెద్దు ఒకటి ముందే ఉంటుంది. దాని ఎత్తు, నడక, ఉరవడి మనసులో పెట్టుకుని దాపటకి జోడు వెతుక్కుంటారు. 1999 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్ అధ్యక్షుడు బిల్ పోలియన్ చేసింది ఈ రెండో రకం బేరం. చాలామంది అభిమానులకి అది అస్సలు మింగుడుపడలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లోకి కాలేజీ కుర్రాళ్లు వచ్చే దారి మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, కిందటేడు బాగా ఓడినవాళ్లది ముందు వంతు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 1998లో 16 మ్యాచ్‌ల్లో మూడే గెలిచిన కోల్ట్స్‌కి నాలుగో వంతు దక్కింది. వాళ్ల ఎలపటెద్దు పేటన్ మానింగ్, 1998 డ్రాఫ్ట్‌లో మొదటి వంతుకే తెచ్చుకున్న, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్.

డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందే పోలియన్ బంతి పట్టుకు పరిగెత్తే తన రన్నింగ్ బ్యాక్ మార్షల్ ఫాక్‌ని రామ్స్ జట్టుకి ఇచ్చేశాడు. బదులుగా వచ్చినవి ఒక రెండో రౌండు వంతు, ఒక అయిదో రౌండు వంతు. అంతటివాడిని పోగొట్టుకున్నాక రికీ విలియమ్స్‌ని తీసుకోవడం ఖాయమనుకున్నారు జనం. వాళ్లనీ తప్పుపట్టలేం. టెక్సస్ విశ్వవిద్యాలయం తరఫున రికీ 6,279 గజాలు పరిగెత్తి, టోనీ డోర్సెట్ రికార్డు దాటేశాడు. కాలేజీ ఆటలో అతి పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీ అప్పుడు అతని చేతిలోనే ఉంది. డ్రాఫ్ట్ రోజు రెండో వంతులో ఈగల్స్ జట్టు రికీని కాదని డోనోవన్ మెక్‌నాబ్‌ని ఎంచుకుంటే, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన అభిమానులు హాల్లోనే గోలగోల చేశారు.

నాలుగో వంతులో పోలియన్ చెప్పిన పేరు ఎడ్జెరిన్ జేమ్స్. ఫ్లోరిడాలో పొలం కూలీల ఊరు ఇమొకలీ అతనిది. వేసవుల్లో పుచ్చకాయల పనికి వెళ్లి కండలు పెంచుకున్నవాడు. యూసీఎల్‌ఏ మీద ఒక్క కాలేజీ మ్యాచ్‌లో 299 గజాలు పరిగెత్తాడన్న మాటే గానీ, రికీకున్న పేరులో పావు వంతు కూడా అతనికి లేదు.

ఆ రోజు వాదించినవాళ్లంతా ఇద్దరిలో ఎవడు గొప్పని తూకం వేశారు. మానింగ్ పక్కన ఏ పని చేసేవాడు కావాలన్నది వేరే ప్రశ్న. మానింగ్ గీత దగ్గర నిలబడి, ఎదుటివాళ్ల అమరికని చూసి, అప్పటికప్పుడు ఆట మార్చేసేవాడు. ఆటగాళ్లని మార్చడానికి ఆగితే ఆ వేగం పోతుంది. కాబట్టి అతని పక్కవాడు మైదానం దిగకుండానే పరుగూ, క్యాచూ, కాపలా మూడూ చేయగలగాలి.

కోల్ట్స్ బాగా నమ్ముకున్న 'స్ట్రెచ్' అనే ఆట చూస్తే జేమ్స్ పనితనం తెలుస్తుంది. ముందున్న అయిదుగురు లైన్‌మెన్ ఒకే అడుగుగా పక్కకి జరుగుతారు, నడిచే గోడలా. మానింగ్ చెయ్యి బారచాపి బంతి అందిస్తాడు. జేమ్స్ హద్దు గీత వైపు పరిగెడతాడు గానీ ఆత్రపడడు. ఎదుటివాళ్లు అతన్ని తరుముతూ పలచబడేదాకా ఓపిక పడతాడు. సందు కనపడగానే ఒక్క పాదం బలంగా నాటి నేరుగా ముందుకి తిరుగుతాడు. ఆ తిప్పు ఒక్కటే, రెండో వయ్యారం ఉండదు. మరుసటిసారి అంతా అలాగే జరుగుతుంది, బంతి మాత్రం మానింగ్ తుంటి చాటునే ఉండిపోతుంది. ఖాళీ చేతులతో కూడా జేమ్స్ అంత నిజంగా పరిగెడితేనే ఆ బురిడీ పారుతుంది.

నన్ను ఇంకా ముచ్చటపరిచేది, ఏ లెక్కల పట్టికలోనూ కనపడని పని. క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా దూసుకొచ్చేవాణ్ని పసిగట్టి, అడ్డంగా నిలబడి, ఛాతీతో దెబ్బ కాయడం. ఇళ్లల్లో టీవీ చూసేవాళ్ల కళ్లు బంతి వెంటే వెళ్లిపోతాయి, జేమ్స్ మాత్రం అప్పటికి మానింగ్‌కి మరో అర క్షణం సంపాదించి పెట్టి ఉంటాడు.

తొలి ఏడే జేమ్స్ 1,553 గజాలతో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. 62 క్యాచ్‌లు కూడా పట్టాడు. రెండో ఏడు 1,709 గజాలతో మళ్లీ అతనే. అతని తొలి ఏడే కోల్ట్స్ విజయాలు మూడు నుంచి పదమూడుకి ఎగబాకాయి. రికీ కోసం సెయింట్స్ జట్టు కోచ్ మైక్ డిట్కా 1999 డ్రాఫ్ట్ వంతులన్నీ, పై ఏటి మొదటి, మూడో వంతులతో సహా ధారపోశాడు. పెళ్లికూతురి గౌనులో రికీ, పక్కన పెళ్లికొడుకుగా డిట్కా, ఒక పత్రిక ముఖచిత్రానికి దిగిన ఫొటో ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 1999 సీజన్‌లో సెయింట్స్ గెలిచింది మూడే, డిట్కా ఉద్యోగం పోయింది. పాపం, రికీ అసమర్థుడేమీ కాదు. 2002లో మయామీ జట్టులో 1,853 గజాలతో లీగ్‌కే మొదటివాడు. ఫాక్‌ని అంత చవకగా వదులుకోవడం మాత్రం నేను పూర్తిగా సమర్థించలేను. 1999 సీజన్‌లోనే ఫాక్ రామ్స్‌తో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు.

2006లో జేమ్స్ అరిజోనా జట్టుకి వెళ్లిపోయాడు. ఆ సీజన్ చివర్లో, 2007 ఫిబ్రవరిలో, కోల్ట్స్ సూపర్ బౌల్ గెలిచింది. యజమాని జిమ్ ఇర్సే గెలుపు ఉంగరం ఒకటి అప్పటికే వేరే జట్టులో ఉన్న జేమ్స్‌కి కూడా పంపించాడు.